రోమన్ నాణెం మీద చక్రవర్తి దానం: లెక్క చదివే పద్ధతి

నా ఉద్యోగమంతా క్యాష్ కౌంటర్ వెనకే గడిచింది. అందుకే రోమన్ నాణేల మీద దానం బొమ్మ కనబడితే నా కళ్ళు చక్రవర్తి ముఖం దగ్గర ఆగవు. డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి ఒడిలోకి పోతోందో అక్కడికి పోతాయి. ఈ నాణేలను చదవడానికి అదే సరైన దారని నా నమ్మకం. ఎవరిచ్చారు, ఎన్నోసారి ఇచ్చారు, ఎంతిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు నాణెం మీదే ఉంటుంది. తర్వాతి రెండూ నాణెం చెప్పదు, చెప్పకుండా జాగ్రత్తపడుతుంది కూడా. వాటికోసం బయట వెతకాలి.

ముందు తూకం వేయండి

కంచు నాణేలు అని అందరం అనేస్తాం గానీ, దానం దృశ్యాలు ఎక్కువగా కనిపించే పెద్ద నాణెం, సెస్టర్షియస్, నిజానికి ఇత్తడిది. రాగిలో జింకు కలిపి చేసేవారు. మొదటి శతాబ్దంలో అది దాదాపు 25 గ్రాములు తూగేది, అడ్డంగా కొలిస్తే 32 నుంచి 36 మిల్లీమీటర్లు. మూడో శతాబ్దం నడిమికి వచ్చేసరికి 20 గ్రాములకు లోపు తూగేవి మామూలైపోయాయి. దానిలో సగం విలువది డుపోండియస్, అదీ ఇత్తడే. పావు విలువది ఆస్, అది ఎర్రరాగి. ఈ రెండూ సైజులో దగ్గరగా ఉంటాయి, పైన చిలుము పట్టాక రంగు చూసి తేల్చలేం. అప్పుడు తల చూడండి. నీరో పాలన చివరి ఏళ్ళ నుంచి సాధారణంగా సూర్యకిరణాల కిరీటం ఉంటే డుపోండియస్, ఆకుల దండో బోడితలో ఉంటే ఆస్.

మారకం కూడా నోటికి రావాలి, లేకపోతే ముందు చెప్పబోయే లెక్కలు తలకెక్కవు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక వెండి డెనారియస్. 25 డెనారియస్‌లు ఒక బంగారు ఆరియస్. అంటే ఒక ఆరియస్‌కి 100 సెస్టర్షియస్‌లు.

ఈ పెద్ద ఇత్తడి నాణెం మీదే దానం దృశ్యాలు ఎందుకు విప్పుకున్నాయంటే, స్థలం. వెండి డెనారియస్ వెడల్పు 18, 19 మిల్లీమీటర్లు దాటదు. వేదిక, మెట్లు, కుర్చీ, అయిదారుగురు మనుషులు అందులో పట్టరు. పైగా రోజువారీ కొనుగోళ్ళలో చేతులు మారేది ఈ ఇత్తడీ రాగీ చిల్లరే. చక్రవర్తి ఔదార్యం కబురు అంగళ్ళ దాకా చేరాలంటే ఇంతకంటే మంచి వాహనం లేదు.

బొమ్మ వైపు: తేదీ పట్టుకోవడం

చక్రవర్తి తల ఉన్న వైపు అంచు వెంట అక్షరాలుంటాయి. మాటల మధ్య ఖాళీలు సరిగా ఉండవు, యూ ఉండాల్సిన చోటల్లా వీ ఉంటుంది. పేరు దొరికాక బిరుదులు చూడండి. 'సి ఓ ఎస్' పక్కన అంకె ఉంటే ఎన్నోసారి కాన్సుల్ (రోమ్‌లో ఏటా మారే పెద్ద పదవి) అయ్యాడో తెలుస్తుంది. 'టి ఆర్ పి' అంటే ట్రిబ్యూన్ అధికారం, ప్రజల ప్రతినిధికుండే అధికారం. దాన్ని ఏటా కొత్తగా తీసుకునేవారు, అంకె ఏటా ఒకటి పెరిగేది. తేదీకి ఇంతకంటే గట్టి ఆధారం నాణెం మీద మరొకటి ఉండదు. బిరుదులన్నీ ఒకే వైపు పట్టకపోతే కొన్ని బొరుసు వైపుకి జారతాయి, అక్కడా వెతకండి.

ఆంటోనినస్ పయస్‌ని ఉదాహరణగా తీసుకుందాం. అతను నాలుగోసారి కాన్సుల్ అయింది క్రీ.శ. 145లో, మళ్ళీ కాలేదు. కాబట్టి 'సి ఓ ఎస్' పక్కన నాలుగు నిలువు గీతలుంటే ఆ నాణెం 145కీ, అతను పోయిన 161కీ మధ్యది. పదహారేళ్ళ వ్యవధి, చాలా ఎక్కువ. అదే నాణెం మీద 'టి ఆర్ పి' అంకె 22 అని చదవగలిగితే 158 డిసెంబరుకీ 159 డిసెంబరుకీ మధ్యకి వచ్చేస్తాం. ఒక్క అరిగిన గీత తేడాతో ఏడాది మారిపోతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. రోమన్ అంకెలు మనకు బళ్ళో నేర్పినట్టు ఉండవన్నది కూడా గుర్తుంచుకోండి. నాలుగుని నాలుగు గీతలుగానే కొడతారు, తొమ్మిదికి వీ తర్వాత నాలుగు గీతలు.

బొరుసు వైపు: వేదిక దృశ్యం

బొరుసు వైపు పెద్దగా 'ఎస్ సి' అని రెండు అక్షరాలుంటాయి. సెనేటు ఆజ్ఞ ప్రకారం అని అర్థం. దానం చక్రవర్తిది, ముద్ర సెనేటుది. నాకిది ఎప్పుడూ కాస్త నవ్వు తెప్పిస్తుంది.

దానం బొమ్మలు రెండు రకాలు. ఒకటి వేదిక దృశ్యం, రెండోది ఒంటరిగా నిలబడ్డ దేవత. వేదిక దృశ్యం నాణేల మీద మొదట కనిపించేది నీరో కాలంలో, 64 ప్రాంతంలో. ప్రజలకు పంచే ఈ నగదుని కొంగియారియం అంటారు, నాణెం మీద దాన్ని 'కాంగ్' అని కుదిస్తారు, పక్కన ఒకటో రెండో అంకె, ఆ తర్వాత 'ప్రజలకు ఇస్తున్నాడు' అనే అర్థంలో లాటిన్ మాటలు. చక్రవర్తి ఎత్తయిన వేదిక మీద మడత కుర్చీలో కూర్చుని ఉంటాడు. అతని ముందు ఒక ఉద్యోగి డబ్బు అందిస్తుంటాడు. మెట్లెక్కి వచ్చిన పౌరుడు తీసుకుంటుంటాడు. వెనక మినర్వా దేవత విగ్రహం. అచ్చుని బట్టి మనుషుల సంఖ్య, ఎడమ కుడి వైపులు మారతాయి.

ఈ దృశ్యాన్ని పై నుంచి కిందికి కాకుండా కింది నుంచి పైకి చదవండి. మెట్ల దగ్గర మొదలుపెట్టండి. అక్కడున్న మనిషి అందరిలోకీ చిన్నగా ఉంటాడు, చాలా అచ్చుల్లో తన టోగా, అంటే ఒంటికి చుట్టుకునే పైబట్ట, కొంగుని ఒడిలా పట్టుకుని ఉంటాడు. డబ్బు పడేది అందులోనే. అక్కడి నుంచి ఉద్యోగి చేతికి వెళ్ళండి. చివరికి చక్రవర్తి దగ్గరికి వస్తే ఒక సంగతి తెలుస్తుంది. అతను నగదు ముట్టుకోవడం లేదు. చెయ్యి చాచి ఉంటాడు, అంతే. పని చేసేది మధ్యవాడు. ఇదంతా నాకు కొత్తగా అనిపించలేదు, కౌంటర్‌లో కూర్చున్న ఎవరినడిగినా ఇదే చెబుతారు.

ఇంకో మాట. దృశ్యం కొట్టిన ఏడూ, డబ్బు పంచిన ఏడూ ఒకటే కానక్కర్లేదు. నీరో 57లో తలకి 400 సెస్టర్షియస్‌లు ఇచ్చాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ పంపకాన్ని తలపించే నాణేలు వచ్చింది ఏళ్ళ తర్వాత. కాబట్టి టి ఆర్ పి చూసి తేల్చేది నాణెం తేదీ మాత్రమే. సంఘటన తేదీ విడిగా రుజువు చేసుకోవాలి.

ఒంటరి దేవత: చేతుల్లో ఏముంది?

హేడ్రియన్ కాలం నుంచి లిబెరాలిటాస్, అంటే ఔదార్య దేవత, నాణేల మీద పేరుతో సహా వస్తుంది. రెండో శతాబ్దంలో, మూడో శతాబ్దంలో కుప్పలుగా దొరికేది ఈ రకమే. కొత్తగా చూసేవాళ్ళు తడబడేదీ ఇక్కడే, ఎందుకంటే రోమన్ నాణేల మీద దేవతలంతా పొడుగు బట్టలతో నిలబడి అక్కచెల్లెళ్ళలా ఉంటారు. ముఖాలు వదిలేయండి. చేతులు చూడండి.

లిబెరాలిటాస్ ఒక చేత్తో చతురస్రంగా ఉన్న పలక ఎత్తి పట్టుకుంటుంది. రెండో చేతిలో పళ్ళూ ధాన్యమూ పొంగుతున్న కొమ్ము. ఆ పలక మీద చుక్కలుంటాయి. బాగా మిగిలిన నాణెం మీద వరసలు కూడా లెక్కపెట్టవచ్చు. అవి అలంకారం కాదు, గుంటలు. ఆ పలక నాణేలు లెక్కపెట్టే పనిముట్టు. నాణేల కుప్పలో ముంచి తీసి, పైన పేరుకున్నవి తోసేస్తే ఒక్కో గుంటలో ఒక్కో నాణెం మిగులుతుంది. పలక వంచితే ముందే తేలిన లెక్క ప్రకారం నాణేలు ఒడిలో పడతాయి. ఎవరికీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. వేల మందిని ఒక్క పూటలో పంపాలంటే ఇంతకంటే తెలివైన సాధనం నాకు తోచదు. ఔదార్యాన్ని మూర్తిగా మలచాలనుకున్న శిల్పి ఆమె చేతికి లెక్కల పలక ఇచ్చాడంటే, రోమన్లు దానాన్ని ఎలా చూశారో తెలుస్తుంది. మనసు కరిగి విసిరేది కాదు, కొలిచి ఇచ్చేది.

ఈ పని ఇంకా పెద్దగా చూడాలంటే రోమ్‌లో 315 నాటి కాన్‌స్టంటైన్ విజయద్వారం ఉత్తరపు వైపున్న చెక్కడం చూడండి. మధ్యలో చక్రవర్తి, కింద చేతులెత్తిన జనం, పై వరసలో చిన్న చిన్న గదుల్లో గుమాస్తాలు డబ్బు తీస్తూ, పద్దు రాస్తూ ఉంటారు. నాణెం మీద పట్టని కార్యాలయమంతా అక్కడ కనిపిస్తుంది.

మిగతా దేవతలతో కలగాపులగం కాకుండా కొన్ని గుర్తులు. త్రాసు ఉంటే ఈక్విటాస్ (న్యాయం) లేదా మొనేటా (నాణేల ముద్రణ). ఆ ఇద్దరినీ రాత చూసి తప్ప విడదీయలేం. ధాన్యం కంకులు, కుంచం లాంటి కొలపాత్ర, పక్కన ఓడ ముక్కు ఉంటే అన్నోనా, అంటే నగరానికి ధాన్యం సరఫరా. కొమ్ముని తలకిందులు చేసి ఒలకబోస్తుంటే అబుండాంటియా, అంటే సమృద్ధి. అసలు చిక్కు లిబెర్టాస్‌తో, అంటే స్వేచ్ఛా దేవతతో. అరిగిన నాణెం మీద 'లిబ్' అన్న మొదటి అక్షరాలే మిగిలితే ఔదార్యమా, స్వేచ్ఛా అన్నది రాత చెప్పదు. చేతిలో ఉన్నదాని అంచులు నిటారుగా ఉంటే పలక, గుండ్రంగా మొనతేలి ఉంటే టోపీ. విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ అది, స్వేచ్ఛకి గుర్తు.

ఎన్నోసారి?

దేవత పేరు తర్వాత 'ఏ వి జి' ఉంటుంది, ఆగస్టస్ అనే బిరుదుకి కురచ రూపం. జి రెండుసార్లు ఉంటే ఇద్దరు చక్రవర్తులు కలిసి ఇచ్చారని, మూడుంటే ముగ్గురని. ఆ తర్వాత వచ్చే అంకె ఆ చక్రవర్తి చేసిన ఎన్నో పంపకమో చెబుతుంది. ఆంటోనినస్ పయస్ నాణేల మీద ఈ అంకె తొమ్మిది దాకా వెళ్తుంది. వాటిని వరసగా పేర్చుకుంటే ఇరవై మూడేళ్ళ పాలనకి ఒక ఖాతా పుస్తకం తయారవుతుంది. పట్టాభిషేకాలు, వారసుడి పెళ్ళి, పాలనకి పదేళ్ళు, ఇలా సందర్భం ఏదైనా పంపకానికి కారణమే.

238లో పుపియెనస్, బాల్బినస్ అనే ఇద్దరు దాదాపు మూడు నెలలు మాత్రమే ఏలారు. అంత తక్కువ కాలంలోనూ వాళ్ళు దానం నాణెం కొట్టించడం మరచిపోలేదు. కుర్రవాడైన మూడో గోర్డియన్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వేదిక మీద కనిపిస్తారు. అధికారం ఎంత వణుకుతుంటే చెయ్యి అంత త్వరగా చాస్తారని నాకు అనిపిస్తుంది.

నాణెం రాయని అంకెలు

ఎంతిచ్చారన్నది కొంగియారియం నాణేల మీద ఉండదు. ఇక్కడ పుస్తకాలూ శాసనాలూ అందుకోవాలి. మొదటి చక్రవర్తి ఆగస్టస్ తన పనుల జాబితాలో తన దానాలు స్వయంగా చెప్పుకున్నాడు. తలకి 400 సెస్టర్షియస్‌ల చొప్పున కొన్ని పంపకాలు, పుచ్చుకున్నవాళ్ళు 2,50,000 మందికి ఎప్పుడూ తగ్గలేదు, క్రీ.పూ. 5లో 3,20,000 మందికి తలకి 60 డెనారియస్‌లు. 354 నాటి ఒక పంచాంగ సంకలనం చక్రవర్తుల వారీగా మొత్తాలు ఇస్తుంది. నెర్వా 75 డెనారియస్‌లు, ఆంటోనినస్ పయస్ తొమ్మిదింటిలో కలిపి 800.

అంకె దొరకగానే సంబరపడకుండా దేనితోనైనా కొలవండి. నీరో కాలంలో లీజియన్ (రోమన్ సైన్యపు పెద్ద దళం) సైనికుడి ఏడాది జీతం 900 సెస్టర్షియస్‌లు. అంటే 400 అయిదు నెలలకి పైగా జీతం, చిన్న మొత్తమేమీ కాదు. ఆంటోనినస్ 800 డెనారియస్‌లు అంటే 3,200 సెస్టర్షియస్‌లు, ఇరవై మూడేళ్ళకి పరిస్తే ఏడాదికి 140 దాకా. అప్పటికి సైనికుడి జీతం 1,200కి పెరిగింది. దాంట్లో ఇది ఎనిమిదో వంతు కంటే తక్కువ.

సెప్టిమియస్ సెవెరస్ 202లో తన పదేళ్ళ పాలన గుర్తుగా తలకి పది బంగారు నాణేలిచ్చాడని, మొత్తం 20 కోట్ల సెస్టర్షియస్‌లైందని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. పది ఆరియస్‌లు 1,000 సెస్టర్షియస్‌లు. భాగించండి, రెండు లక్షల మంది వస్తారు. అందులో ఆయన అంగరక్షక దళం కూడా ఉంది. మిగిలినవాళ్ళు ఉచిత ధాన్యం జాబితాలో పేరున్న నగర పౌరులు. ఆ జాబితా మగవాళ్ళది, అదీ రోమ్ నగరంలో ఉండేవాళ్ళది. బానిసలు లేరు, పౌరసత్వం లేనివాళ్ళు లేరు, ఊళ్ళ నుంచి ధాన్యం పండించి పంపినవాళ్ళు లేరు. మెట్లెక్కే ఆ చిన్న మనిషి 'ప్రజలు' అని నాణెం అంటుంది. ఆ మాట ఎంతమందిని వదిలేస్తోందో రాసి పెట్టుకోండి.

ట్రాజన్ నాణెం దగ్గర మాత్రం లెక్క ఎంత ముచ్చటగా తేలుతుందో చూడండి. బొరుసు అడుగున 'అలిమ్ ఇటాల్' అని ఉంటుంది, సమృద్ధి దేవత పక్కన ఒక పిల్లవాడు. ఇటలీ పిల్లల పోషణకి పెట్టిన ఏర్పాటు అది. దాని ఖాతా కంచు ఫలకం ఒకటి వెలేయా అనే ఊళ్ళో 1747లో బయటపడింది, ఇప్పుడు పార్మా మ్యూజియంలో ఉంది. భూస్వాములకి 10,44,000 సెస్టర్షియస్‌లు అప్పిచ్చారు, అయిదు శాతం వడ్డీ. ఏడాదికి 52,200. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. 245 మంది అబ్బాయిలకి నెలకి 16 చొప్పున ఏడాదికి 47,040. 34 మంది అమ్మాయిలకి నెలకి 12 చొప్పున 4,896. పెళ్ళి లేకుండా పుట్టిన ఒక అబ్బాయికి ఏడాదికి 144, ఒక అమ్మాయికి 120. కూడండి: 52,200. ఒక్క సెస్టర్షియస్ తేడా లేదు. మొదటిసారి కాగితం మీద వేసి చూసినప్పుడు, పెన్ను కింద పెట్టి ఆ గుమాస్తాకి మనసులో దండం పెట్టాను. అమ్మాయికి నాలుగు సెస్టర్షియస్‌లు తక్కువ ఎందుకో, 245కి 34 ఎందుకో మాత్రం ఆ లెక్క చెప్పదు. నాణెం మీద నిలబెట్టింది ఒక్క పిల్లాణ్ణి.

తీసుకోకపోవడం కూడా దానమే

డబ్బు చేతిలో పెట్టే బొమ్మలతోనే ఆగిపోతే సగం విషయం తప్పిపోతుంది. పన్ను మాఫీ నాణేలు కూడా ఈ పెట్టెలోనే వేసుకోండి. కలిగులా కొట్టించిన బుల్లి రాగి క్వాడ్రాన్స్ (ఆస్‌లో పావు విలువది) మీద ఒక టోపీ, వెనక 'ఆర్ సి సి' అన్న మూడక్షరాలు. అర శాతం అమ్మకపు పన్ను ఎత్తేసినందుకని పండితులు చదువుతారు. టైబీరియస్ చక్రవర్తి సెస్టర్షియస్ ఒకటి ఆసియా (ఇప్పటి టర్కీలో పడమటి భాగం) నగరాల పునరుద్ధరణ గురించి. 17లో వచ్చిన భూకంపంలో పన్నెండు నగరాలు కూలాయి. వాటిలో ఒకటైన సార్డిస్‌కి కోటి సెస్టర్షియస్‌లు, అయిదేళ్ళ పన్ను మాఫీ మాటిచ్చాడు. నెర్వా 97లో కొట్టించిన దానిమీద రెండు కంచరగాడిదలు హాయిగా మేస్తుంటాయి, వెనక బండి ఎత్తిపెట్టి ఉంటుంది. ప్రభుత్వ రవాణా భారం ఇటలీ వాళ్ళ నెత్తి మీంచి దించానని ఆయన చెప్పిన తీరు అది. మొత్తం రోమన్ నాణేల్లో నాకు ఇష్టమైన బొరుసు ఇదే.

అన్నిట్లోకీ భారీది హేడ్రియన్‌ది. 118లో ఖజానాకి రావాల్సిన 90 కోట్ల సెస్టర్షియస్‌ల పాతబాకీ రద్దు చేసి, పత్రాలు రోమ్‌లోని ట్రాజన్ ఫోరం అనే బహిరంగ ఆవరణలో తగలబెట్టించాడు. నాణెం మీద ఒక లిక్టర్, అంటే అధికారుల వెంట ఉండే భటుడు, పత్రాల కుప్పకి దివిటీ అంటిస్తుంటాడు. దాని రాతలో మొత్తం కూడా ఉంటుంది. అంకె దాచని దానం నాణెం చాలా అరుదు.

నకిలీ, చేతిపని, చిలుము

వేదిక దృశ్యాలకి గిరాకీ ఎక్కువ కాబట్టి మోసమూ ఎక్కువ. అసలు నాణెం అచ్చు కొట్టింది, పోత పోసింది కాదు. అంచు చుట్టూ భూతద్దంతో తిప్పి చూడండి. సన్నటి అతుకు గీత, దాన్ని అరగదీసిన గుర్తు, ఉపరితలం మీద సూదిమొన బుడగలు, సబ్బులా మెత్తబడ్డ అక్షరాలు కనిపిస్తే పక్కన పెట్టండి. పదహారో శతాబ్దంలో పాడువా నగరంలో జొవాన్ని దా కావినో అనే శిల్పి రోమన్ సెస్టర్షియస్‌లను పోలిన పతకాలు అద్భుతంగా చేశాడు. అవి ఇప్పుడు వాటంతట అవే విలువైనవి, కానీ రోమన్‌వి కావు. అక్షరాలు మరీ పొందికగా, వృత్తం మరీ గుండ్రంగా ఉంటే ఆయన పేరు తలుచుకోండి.

చేతిపని ఇంకా కనిపెట్టడం కష్టం. నాణెం నిజమైనదే, కానీ అరిగిన వేళ్ళూ ముఖాలూ ఉలితో మళ్ళీ చెక్కి ఉంటారు. బొమ్మల చుట్టూ ఖాళీలో ఒకే దిశలో సన్నటి గీతలుంటే గీకారని అర్థం. నాణెం మొత్తం అరిగిపోయి పలక మీది చుక్కలు మాత్రం కొత్తగా ఉంటే నమ్మకండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే రోమన్ సామ్రాజ్య నాణేల జాబితా, బ్రిటిష్ మ్యూజియం ఫోటోలు తెరిచి అదే రకంతో అక్షరం అక్షరం పోల్చండి. కొనేవాళ్ళయితే ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో కాగితం అడగండి. కాగితం లేదంటే నాణెం ఎంత బాగున్నా వదిలేయడమే.

ఇక శుభ్రం చేయడం. చేయకండి. నిమ్మరసం, వెనిగర్, ఇత్తడి పాలిష్, ఇవన్నీ పాత్రలకి. నున్నగా గట్టిగా ఉన్న చిలుము నాణేనికి చర్మం, దాన్ని వలిస్తే వివరాలు కూడా పోతాయి. ప్రమాదం వేరే రకం పచ్చదనంతో. లేత ఆకుపచ్చగా, గోటితో తాకితే పొడిగా రాలేది క్లోరైడ్ జబ్బు. గాలిలో తేమ తగిలితే లోపలికి తవ్వుకుంటూ పోతుంది. అలాంటిదాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, తేమ పీల్చే సిలికా జెల్ సంచితో బిగుతు డబ్బాలో పెట్టి, లోహ సంరక్షణ తెలిసినవాళ్ళకి చూపించండి. పీవీసీ కవర్లు కూడా వద్దు, వాటి నుంచి వచ్చే జిడ్డు ఇత్తడిని తింటుంది.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి. దీపం ఒక్కటి చాలు, నాణెం ఎత్తుకంటే కాస్త పైన, పక్క నుంచి పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ నాలుగైదు తీయండి. ఒక కోణంలో మాయమైన మెట్లు ఇంకో కోణంలో లేస్తాయి. తర్వాత బరువు, వెడల్పు, బొమ్మకి బొరుసు ఏ దిశలో తిరిగి ఉందో, చదవగలిగిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. చదవలేనివాటి చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపకండి.